అంగుళానికి రెండు అడుగులు

"ఏం కొలుస్తున్నవమ్మా?"

కరీంనగర్ బస్టాండ్‌లో జగిత్యాల బస్సు తలుపు దగ్గర టేపు పట్టుకుని కూర్చున్నా. డ్యూటీ ఎక్కబోతున్న డ్రైవరన్న చేతిలో టీ గ్లాసుతో ఆగి అడిగాడు. మొహం నిండా అనుమానమే.

"మెట్టు ఎత్తు అన్నా. బస్సు బొమ్మ చేస్తున్నా."

ఆయన నన్నూ, టేపునూ, నా నోట్‌బుక్‌నూ వరసగా చూశాడు. "జల్ది కొలువు మరి. రెండు నిమిషాలల్ల బండి తీస్తా."

ఆ రెండు నిమిషాల్లో నేల నుంచి మొదటి మెట్టు 15 అంగుళాలు అని రాసుకున్నా. తలుపు వెడల్పు రాసుకున్నా. బండి కదిలింది. నేను ప్లాట్‌ఫామ్ మీదే ఉండిపోయా. అప్పటికి నేను బస్సెక్కి పదకొండు నెలలైంది.

ఒక రాత్రి ప్రయాణంలో మేమున్న బస్సు రోడ్డు దిగి పల్టీ కొట్టింది. అది ఎవరి బస్సు, తప్పెవరిది అన్నది ఈ వ్యాసంలోకి తీసుకురాను, అది నడిచేచోట నడుస్తోంది. నాకు భుజం ఎముక విరిగింది, మూడు నెలల్లో అతుక్కుంది. కానీ ఎయిర్ బ్రేక్ "తుస్స్" మన్న ప్రతిసారీ గుండె గొంతులోకి రావడం మాత్రం అతుక్కునే రకం కాదు. నిద్రలో అదే సీను. డీజిల్ వాసన వస్తే చేతులు చల్లబడేవి. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ. మా వీధిలో ఆడవాళ్లంతా యాదగిరిగుట్ట, వేములవాడ, బాసర తిరిగొస్తుంటే, నేను మంకమ్మతోట నుంచి కలెక్టరేట్‌కు ఆటోలో డబ్బులు పోసి వెళ్లేదాన్ని. "ఫ్రీ బస్సును వద్దన్న ఒకే ఒక్క ఆడపిల్ల మా చెల్లె" అని అన్నయ్య జోకేసేవాడు. మొదట్లో నవ్వొచ్చేది కాదు.

సైకియాట్రిస్ట్ మందులిచ్చారు, కౌన్సెలింగ్‌కు పంపారు. అక్కడ విన్న మాటల్లో ఒకటి బాగా పట్టుకుంది: భయపడ్డదాన్ని తప్పించుకు తిరిగిన కొద్దీ భయం బలుస్తుంది, కొంచెం కొంచెంగా దగ్గరికెళ్లాలి. సరే, కొంచెం అంటే ఎంత?

జవాబు మా ఇంటి సజ్జ మీద దొరికింది. బతుకమ్మ పండుగ ముందు అమ్మ సజ్జ దులుపుతుంటే ఒక అట్టపెట్టె కిందికొచ్చింది. అందులో పదో తరగతిలో నేను మొదలుపెట్టి వదిలేసిన బస్సు. చిన్నప్పుడు నాకిదే పిచ్చి. అగర్‌బత్తి డబ్బాలతో ఆటోలు, థర్మాకోల్‌తో మానేరు డ్యాం, సైన్స్ ఫెయిర్‌లో రెండో బహుమతి. ఇంటర్‌లో చేరాక ఎంసెట్ అన్నారు, పెట్టె పైకెక్కింది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే సన్‌బోర్డ్ పసుపెక్కింది, ఫెవికాల్ అతుకులు ఊడిపోయాయి. నాలుగు చక్రాల్లో రెండే మిగిలాయి. అమ్మ చెత్తలో వేయబోయింది. నేను లాక్కున్నా. ఎందుకో ఆ బస్సంటే భయం వేయలేదు. అది నా ఒళ్లో పట్టింది.

స్కేల్ మోడల్ అంటే ఉత్త బొమ్మ కాదు. అసలు వస్తువులోని ప్రతి కొలతనూ ఒకే లెక్కన తగ్గించాలి. విమానాల కిట్లు ఎక్కువగా 1/72లో వస్తాయి, అంటే ఆరడుగులు ఒక అంగుళం. నేను తీసుకున్నది 1/24. అంగుళానికి రెండు అడుగులు. 36 అడుగుల బస్సు 18 అంగుళాలవుతుంది, ఎనిమిది అడుగుల వెడల్పు నాలుగు అంగుళాలు. ఐదున్నర అడుగుల మనిషి మూడంగుళాల లోపే. ఇందులో తిరకాసు ఒకటుంది. లెక్క తగ్గించాలంటే ముందు అసలుది కొలవాలి. గూగుల్‌లో బస్సు ఫొటోలు కోకొల్లలు, కిటికీకీ కిటికీకీ మధ్య పట్టీ ఎంతో చెప్పేవాళ్లు లేరు. దానికి బస్టాండుకే పోవాలి.

మొదటిరోజు గేటు బయట నుంచే కిటికీలు లెక్కపెట్టుకుని తిరిగొచ్చా. వారం తర్వాత ప్లాట్‌ఫామ్ దాకా వెళ్లా. ఇంకో వారానికి ఆగి ఉన్న బస్సు రేకు మీద చెయ్యి పెట్టా, ఎండకు కాలింది. రివెట్లు లెక్కపెట్టేటప్పుడు భయపడటానికి తీరిక ఉండదు. నలభై రెండు దాటాక కండక్టర్ పలకరిస్తే లెక్క తప్పి మళ్లీ మొదటికి.

దీని వెనకాల సైన్స్ ఏమన్నా ఉందా అని వెతికా. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం ఒక ప్రయోగం చేసింది. కలవరపెట్టే వీడియో చూపించి, కాసేపటికి కొందరితో టెట్రిస్ గేమ్ ఆడిస్తే, ఆ దృశ్యాలు మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు రావడం వాళ్లలో తగ్గింది. బొమ్మకట్టే మనసుకు ఒకేసారి రెండు పనులు కష్టం కాబట్టి అని వాళ్ల వివరణ. 2017లో రోడ్డు ప్రమాదాల తర్వాత ఆస్పత్రికొచ్చిన 71 మందితోనూ చేసి చూశారు. అయితే అది ప్రమాదమైన ఆరు గంటల్లోపు సంగతి. నేను పది నెలల తర్వాత సన్‌బోర్డ్ కోసుకుంటూ కూర్చున్నా. కాబట్టి నా కథను దానికి సాక్ష్యంగా చూపించను. మందులు మానేసి బొమ్మలు చేయమని ఎవరికీ చెప్పను కూడా. మాట్లాడేవాళ్లు కావాలంటే టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఏ టైమైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వెనకాల టాప్ మీదికెక్కే నిచ్చెన దగ్గర పని ఆగిపోయింది. ప్లాస్టిక్ పుల్లలు వంకర పోతున్నాయి. కరీంనగర్‌లో ఉండి తీగపని తెలియకపోతే ఎట్లా అని, వెండి ఫిలిగ్రీ చేసే ఒకాయన దగ్గరికెళ్లా. మా ఊరికి జీఐ గుర్తింపు తెచ్చిన పని అది. ఎల్గందుల కోట కింద పుట్టిందని చెబుతారు. వెండిని చిన్న చిన్న రంధ్రాలున్న ఇనుప పలకలోంచి లాగి, లాగి, వెంట్రుకంత చేస్తారు. రెండు తీగల్ని కలిపి మెలిపెట్టి, నొక్కి, ఆ అంచుతో పూలూ ఆకులూ నింపుతారు. ఆయన నా రాగి తీగను చూసి, కాస్త కాల్చి చల్లార్చి, ఒక చివర మేకుకు కట్టి ఇంకో చివర పట్టుకారుతో గట్టిగా లాగాడు. తీగ గీత గీసినట్టు సాఫీగా వచ్చింది. "గింతే" అన్నాడు. నేను నాలుగు రోజులు కొట్టుకున్న పని.

బస్సు తయారైంది. సీట్లు వచ్చాయి, కిటికీలకు ఓహెచ్‌పీ షీట్ వచ్చింది. కానీ ఖాళీగా ఉంది. మన దగ్గర ఖాళీ బస్సును చూసినవాళ్లెవరు? చిన్న మనుషులు కావాలి. సన్‌బోర్డ్‌తో మనుషులు రారు, మైనంతో చేస్తే మే నెలలో కరిగి సీట్లకు అంటుకుంటారు. మెత్తటి కొయ్య కావాలి. మెత్తటి కొయ్య అంటే ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్పేది ఒకటే ఊరు, నిర్మల్.

అన్నయ్య బైకు మీద దింపుతానన్నాడు. నేను రెండ్రోజులు ఆలోచించి వద్దన్నా.

కరీంనగర్ నుంచి నిర్మల్ ఎక్స్‌ప్రెస్‌లో మూడో వరసలో కూర్చున్నా, నడిచే దారి వైపు. "ఆధార్ సూపియ్యమ్మా" అన్నాడు కండక్టర్. నా జీవితంలో మొదటి జీరో టికెట్. దాన్ని ఇప్పటికీ దాచుకున్నా. గంగాధర దాకా ముందు సీటు రాడ్డును వదల్లేదు. ఆ రాడ్డు మందం ఒకటింపావు అంగుళం ఉంటుంది, నేను మోడల్‌లో మరీ సన్నగా పెట్టానని అప్పుడే తెలిసింది.

కొండగట్టు దగ్గర బస్సులో సగం మంది అంజన్నకు దండం పెట్టుకున్నారు. నాకు 2018 సెప్టెంబర్ 11 గుర్తొచ్చింది. ఆ గుట్ట దిగే ఘాట్ రోడ్డులోనే బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్లు. ఆరోజు టీవీలో చూసి, అయ్యో అనుకుని, చానెల్ మార్చా. అందులో బతికి బయటపడ్డవాళ్లు మళ్లీ బస్సు ఎట్లా ఎక్కి ఉంటారన్న ఆలోచన నాకు వచ్చింది మాత్రం ఇప్పుడే. వాళ్లకు వేరే దారి లేదు కదా. పత్తి ఏరడానికి పోవాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా అదే బస్సు.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి. పసుపు, వరి, మళ్లీ పసుపు. ఆర్మూర్‌లో దిగి నీళ్లు తాగి మళ్లీ ఎక్కా. దిగినప్పుడు ఇంటికెళ్లిపోదామా అనిపించిన మాట నిజమే. హైవే మీద సోన్ దగ్గర గోదావరి వచ్చింది. వెనక సీటు ముసలాయన కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరాడు. అది రెయిలింగ్‌కు తగిలి టంగుమని రోడ్డు మీదే పడింది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వా.

నిర్మల్ బొమ్మలను అందరూ షోకేసుల్లో చూసే ఉంటారు. జామకాయలు, వంకాయలు, జింకలు, చిలకలు. అసలైనవే అనుకుని కొరకబోయిన పిల్లలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఈ పనివాళ్లను నకాషీలంటారు. 1955లో వాళ్లంతా కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. వాడేది పొనికి కర్ర. చేతిలోకి తీసుకుంటే థర్మాకోల్ ఎత్తినట్టే ఉంటుంది. నా మొండి కట్టర్ కూడా సబ్బులోకి దిగినట్టు దిగింది.

అక్కడ పనిచేస్తున్న ఒక పెద్దాయన్ని 'కాకా' అని పలకరించి, వచ్చిన పని చెప్పా. కొనడానికి కర్ర అడిగితే తల అడ్డంగా ఊపాడు. పొనికి చెట్లు తగ్గిపోయాయి, వాళ్లకే కష్టంగా దొరుకుతోంది. అడవిలో మళ్లీ పెంచుతున్నా, నరికేంత కావడానికి ఏళ్లు పడుతుంది. ఫోన్‌లో నా బస్సు ఫొటోలు చూపించా. జూమ్ చేసి చేసి చూశాడు. లేచి వెళ్లి, గోనెసంచిలోంచి దోసెడు ముక్కలు తెచ్చాడు. వాళ్లకు పనికిరానివి, నాకు ఊరంత జనానికి సరిపోయేవి.

"ఎవర్ని చేస్తవ్ బిడ్డా?"

"కూసున్న పెద్దమ్మను, కాకా. ఒళ్లో సంచితోని."

"కూసున్న మనిషిని ఒక్క ముక్కల చెక్కకు. మోకాళ్ల కాడ విరుగుతది. నడుం పైది వేరే చెయ్యి, కాళ్లు వేరే చెయ్యి, అతికియ్యి." అతికించడానికి వాళ్లు వాడేది చింతగింజల జిగురు. గింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తారు. దాంట్లో రంపపు పొడి కలిపితే అతుకులు కప్పే ముద్ద తయారు. ఆరాక తెల్ల సుద్ద పూసి, నునుపు చేసి, అప్పుడు రంగు. ఫెవిక్విక్ చాలదా అని అడిగితే నావైపు జాలిగా చూశాడు.

ఆ పెద్దమ్మ ఎవరని ఆయన అడగలేదు. ఆ రాత్రి నా పక్క సీట్లో కూర్చున్నామె. పేరు తెలియదు. బిడ్డ దగ్గరికి పోతున్నానంది. ఉడకబెట్టిన పల్లీలు పెట్టింది. నిజానికి కిటికీ సీటు ఆమెది. "నీకు గాలి కావాలె గాని నువ్వు కూసో" అని నన్ను లోపలికి జరిపింది. ఆమె ఇల్లు చేరలేదు.

ఆమెను చెక్కడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. కూర్చుంటే రెండంగుళాలు కూడా లేదు. మొదటిది మోకాళ్ల కాడ విరిగింది, కాకా చెప్పినట్టే, ఎందుకంటే నేను మాట వినకుండా ఒక్క ముక్కలోనే చెక్కా. రెండోదానికి మొహం బాగా రాలేదు. నాకు గుర్తున్న మొహం కూడా అంత స్పష్టంగా లేదని అప్పుడు తెలిసింది. కొంగు, సంచి, పల్లీలు పెట్టిన చెయ్యి మాత్రం బాగా గుర్తున్నాయి. అవి చేశా. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చోబెట్టా. పక్కన నన్ను నేను చేసుకోలేదు, ఆ సీట్లో సంచి పెట్టా.

నిర్మల్ వెళ్లిన రోజే ఆదిలాబాద్ దాకా పోదామనుకున్నా. అక్కడి బస్టాండ్‌లో బోర్డు చూశా, బస్సూ చూశా, ఎక్కలేదు. ముందున్నవి గుట్టలు. ఇన్‌స్టాలో మహబూబ్ ఘాట్ రీల్స్ అందరికీ అందంగానే కనిపిస్తాయి, నాకు మలుపులే కనిపించేవి. వచ్చిన బస్సులోనే కరీంనగర్ తిరిగొచ్చేశా. అది ఓటమిలాగే అనిపించింది, ఒక వారం మోడల్ మీద గుడ్డ కప్పేశా.

డిసెంబర్‌లో మళ్లీ వెళ్లా. ఈసారి నిర్మల్‌లో ఆగకుండా ఆదిలాబాద్ బస్సు ఎక్కా. గుట్ట ఎక్కుతుంటే గేరు మారిన ప్రతిసారీ నా కాలు లేని బ్రేకును తొక్కింది. టేకు ఆకులు ఎండి రోడ్డు పక్కన దొంతరలుగా పడున్నాయి. పక్క సీట్లో ఒక అక్క ఫోన్‌లో సీరియల్ చూస్తూ, మలుపుల్లో నా భుజం మీద వాలుతూ, మళ్లీ సర్దుకుంటూ కూర్చుంది. నేరడిగొండ దగ్గర ఎవరో కుంటాల జలపాతానికి దారి అడుగుతూ దిగారు. అక్కడి నుంచి నేల చదునుగా, చేలన్నీ తెల్లగా, పత్తి.

ఆదిలాబాద్‌లో చలి మొహాన కొట్టింది. ఉషేగావ్ దాకా వెళ్లి ఓజలు ఇత్తడి బొమ్మలు పోయడం చూడాలని ఉండె, అది ఈసారికి బాకీ. బస్టాండ్‌లో టీ తాగుతూ, మేమొచ్చిన బస్సు డ్రైవర్‌కు ఫోన్‌లో నా మోడల్ చూపించా. మఫ్లర్ చుట్టుకున్న ఆయన ఫొటోలు అటూ ఇటూ జరిపి చూశాడు.

"అంతా మంచిగున్నది గని, సైడు అద్దం గింత పైకి ఉండదమ్మా. నా కండ్లకు అందద్దా? నువ్వు పెట్టిన కాడ ఉంటే నేను నిలబడి నడపాలె."

"ఎంతుంటది మరి?"

"ఎక్కి చూస్కో."

టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, డ్రైవర్ సీట్లోకి ఎక్కి, బ్యాగులోంచి టేపు తీశా.