దోసిలి పట్టకుండా

ఎత్తిపోస్తే దోసిలి పట్టి నీళ్లు తాగటం నాకు రాదు. మా నాయనకొచ్చు, మా అమ్మకొచ్చు. కామందు అరుగు కింద వంగి, రెండు చేతులూ మూతికి ఆనించి తాగేవాళ్లు. పైనుంచి పడే ధారలో సగం కడుపులోకి, సగం మోచేతుల మీదుగా బట్టల్లోకి. నేను పుట్టేనాటికి మా మాదిగపల్లెలో బోరింగు పడింది కాబట్టి ఆ విద్య నాకబ్బలేదు. అయినా 2018 సెప్టెంబరులో, అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో, ఉచితంగా తిండి సరుకులిచ్చే ఒక కొట్టు ముందు నిలబడినప్పుడు నా రెండు చేతులూ వాటంతటవే దగ్గరకొచ్చినై. నాకే సిగ్గేసి సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నా.

ఆ కొట్టు యూదులది. స్క్విరల్ హిల్ అని, వాళ్లు తరాలుగా ఉంటున్న పేట. తెలుగు పిల్లలం ఉడతల గుట్ట అని నవ్వుకునేవాళ్లం. జ్యూయిష్ ఫ్యామిలీ అండ్ కమ్యూనిటీ సర్వీసెస్ అనే వాళ్ల సంస్థ ఆ కొట్టు నడుపుతుంది. ఫుడ్ పాంట్రీ అంటారు.

అక్కడికి ఎందుకెళ్లాల్సొచ్చిందో చెప్పాలి. 2017లో ఎమ్మెస్ చదవటానికొచ్చా. బ్యాంకు అప్పు, మా అక్క గాజులు. నలుగురు తెలుగోళ్లం ఒక ఇంట్లో చేరాం. ఆరు నెలలు బాగానే జరిగింది. ఒక రాత్రి మాటల్లో మాటగా ఒకతను "మీ ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?" అన్నాడు. చర్చి పక్కన అన్నా. అంతే. అమెరికా వచ్చినా ఊరి పటం వాళ్ల తలకాయల్లో అట్టాగే ఉంది. వారం తిరిగేసరికి నా గిన్నెలు వేరే అరలోకి పోయినై. ఆదివారం పెద్దకూర వండానని గోల. వాళ్లలో ఇద్దరు హోటల్లో అదే తినేవాళ్లు. ఇంట్లో నా చేత్తో వండితేనే వాసన. నెలాఖరుకు ఖాళీ చెయ్యమని ఫోనులో మెసేజి పెట్టారు. ఎదురుగా చెప్పటానికి మొహం చెల్లలేదు.

ఉడతల గుట్టలో ఒకింటి కింద నేలమాళిగ గది దొరికింది. అద్దె కట్టాక చేతిలో ఏమీ మిగల్లేదు. రెండు వారాలు బ్రెడ్డూ, అరటిపళ్లూ. క్లాసులో ఉండే ఒక నల్లజాతి అమ్మాయి నన్ను చూసి ఊరుకోలేక ఈ పాంట్రీ సంగతి చెప్పింది. నేను వెంటనే వెళ్లలేదు. పది రోజులు నాలో నేనే గుంజుకున్నా.

ఎందుకంటే మమ్మల్ని గంజి క్రైస్తవులన్నారు. పాలపొడి క్రైస్తవులన్నారు. చిన్నప్పుడు బళ్లో ఒక అయ్యవారు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగి, "మీ తాత ఎన్ని శేర్ల బియ్యానికి మారాడ్రా?" అని అడిగాడు. పిల్లలంతా నవ్వారు. మా ఒంగోలు ప్రాంతం చరిత్ర అయ్యవారికి తెలీదు, నాకూ అప్పుడు తెలీదు. 1876-78 ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు పట్టి మావాళ్లకు పనిచ్చాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగాకే, 1878 జులై 3న, ఒక్కరోజున 2,222 మంది నీళ్లలో మునిగారు. కాలవ తవ్వి కూలి తిన్నారు మా తాతలు. అయినా ఆ మాట పోలేదు. నూట నలభయ్యేళ్ల తర్వాత కూడా ఉచితం అనే మాట వింటే నా చెవులు కాల్తయ్.

ఆఖరికి ఆకలే గెలిచింది. లోపల బల్ల దగ్గర ఒక ముసలామె కూర్చునుంది. చిరునామా కాగితం చూసింది. ఇంట్లో ఎంతమంది అంది, ఒక్కణ్ణే అన్నా. సంపాదన ఎంత అంది. ఏ మతం అని అడుగుద్దని కాచుక్కూర్చున్నా. అడగలేదు. ఒక తోపుడు బండి నా ముందుకు నెట్టి, "ఏం కావాలో చూసి తీసుకో" అంది. నాకర్థం కాలేదు. మూట కట్టి ఇస్తారనుకున్నా. అరల నిండా బియ్యం, పప్పులు, చేప డబ్బాలు, కూరగాయలు. మన కొట్టు మాదిరే. బీన్స్ డబ్బా తీసి, మళ్లీ పెట్టేసి, కందిపప్పు లాంటిదేదో తీసుకున్నా. వద్దనుకున్నది తిరిగి పెట్టేయటం! రేషను షాపులో మా అమ్మ పురుగుల బియ్యం వద్దంటే ఏం జరిగేదో నాకు తెలుసు.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేశా.

"ఎవురు వాళ్లు?"

"యూదులు నాయనా. బైబిల్లో ఉంటారే, వాళ్లు."

"మతం పుచ్చుకోమన్నారా?"

"వాళ్లు ఎవర్నీ కలుపుకోరు. కలుస్తామన్నా ఆలోచించుకోమంటారు."

"మరి చాకిరీ?"

"లేదు."

నాయన కాసేపు మాట్లాడలేదు. "మళ్లీ పోయేటప్పుడు చొక్కా శుభ్రంగా ఏసుకుని పో" అన్నాడు.

నాలుగైదు సార్లు వెళ్లాక కళ్లు తెరిచి చూడటం మొదలుపెట్టా. అది కోషర్ పాంట్రీ. యూదుల ధర్మం ప్రకారం తినదగ్గవాటిని కోషర్ అంటారు. పంది కూడదు, రొయ్య కూడదు, పాలూ మాంసమూ కలవకూడదు. సీసాల మీద గుర్తులు చూసి తీసుకుంటారు. మడి వాసన తగిలి నా ఒళ్లు జలదరించింది. మళ్లీ నవ్వూ వచ్చింది. నన్ను ఇంట్లోంచి గెంటించిన పెద్దకూర, పద్ధతి ప్రకారం కోస్తే ఇక్కడ శుచి అయిన తిండి. ఒక్కొక్కళ్ల శుచి ఒక్కోలా ఏడ్చింది.

ఆ ముసలామెను ఒకరోజు నేరుగానే అడిగా, మనిషి ముట్టుకుంటే మైలపడే తిండి మీకుందా అని. ఆమె దాచలేదు. ఉంది అంది. కాచని ద్రాక్షసారా సీసా తెరిచి యూదుడు కానివాడు పోస్తే నిష్ఠగలవాళ్లు తాగరు. పరాయి దేవుళ్లకు ధారపోశారేమో అన్న పాత భయంతో పుట్టిన నియమం. తను మాత్రం పాటించనంది. ఈ సంగతి రాయకుండా వదిలెయ్యొచ్చు. వదిలేస్తే వాళ్లను దేవతల్ని చేసినట్టవుతుంది. మనకు దేవతలతో పడ్డ పాట్లు చాలు. తేడా మాత్రం చెప్పాలి. అంతా ఆ సీసా దగ్గరే ఆగింది. ఆమె బండి నెట్టిన చెయ్యి నా చెయ్యికి తగిలింది, ఆమె తుడుచుకోలేదు.

దానం అనే మాటకు వాళ్లు వాడే హీబ్రూ మాట త్సెదాకా. దాని మూలం న్యాయం. ఇచ్చేవాడి గొప్ప కాదు, బాకీ తీర్చటం. 12వ శతాబ్దంలో మైమొనిడీస్ అనే పండితుడు దీనికి ఎనిమిది మెట్లు కట్టాడు. అన్నిటికన్నా కిందిది మొహం మాడ్చుకుని ఇవ్వటం. పైనుంచి రెండో మెట్టు, ఇచ్చేదెవరో పుచ్చుకునేదెవరో ఒకరికొకరు తెలియకపోవటం. పై మెట్టు, మనిషి మళ్లీ చెయ్యి చాచే పనిలేకుండా అప్పో పనో ఇచ్చి నిలబెట్టటం. పిట్స్‌బర్గ్‌లో హీబ్రూ ఫ్రీ లోన్ అసోసియేషన్ అని వేరే సంస్థ ఉంది, అన్ని మతాలవాళ్లకూ వడ్డీ లేకుండా అప్పిస్తుంది. నిర్గమకాండంలో బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని ఉంది. ఆ వాక్యం మా చర్చిలో నేను చిన్నప్పట్నుంచీ విన్నా. విన్నాంగానీ ఒక్క అప్పుల సంఘమైనా పెట్టామా? మా నాయన మూడు వేలు తెచ్చి, వడ్డీ కింద పదకొండేళ్లు పాలేరుతనం చేశాడు. ఆ మూడు వేలు అసలట్టాగే ఉంది.

పాంట్రీ ఒక్కటే కాదు ఆ సంస్థ పని. ముసలాళ్లను కనిపెట్టుకోవటం, మనసు చెదిరినవాళ్లకు ధైర్యం చెప్పటం, ఉద్యోగం పోయినవాళ్లకు దారి చూపటం, వలస కాగితాలకు లాయరు సాయం. శరణార్థుల్ని కుదురుపెట్టటం కూడా ఉండేది. 1881లో రష్యాలో యూదుల మీద దాడులు జరిగి జనం పారిపోయొస్తుంటే న్యూయార్క్‌లో పుట్టిన హయాస్ అనే సంస్థతో కలిసి ఈ పని చేసేది. ఒకప్పుడు వచ్చేవాళ్లు యూదులు. తర్వాత సిరియా, కాంగో, భూటాన్, ఎవరైనా. విమానం దగ్గరికెళ్లి తీసుకురావటం, ఇల్లు చూసి మంచం, గిన్నెలు సర్దటం, పిల్లల్ని బళ్లో వెయ్యటం. ప్రభుత్వం లెక్కలో మొదటి సాయానికి గడువు 90 రోజులుండేది. తొంభై రోజుల్లో మనిషి కొత్త దేశంలో కుదురుకోవాలంట! మిగతాది వీళ్లు చందాలతో, ఊరివాళ్ల సాయంతో లాక్కొచ్చేవాళ్లు.

2018 అక్టోబరు 27, శనివారం పొద్దున. నేను గదిలో నిద్రలో ఉన్నా. సైరన్లు, ఇంకా సైరన్లు. ట్రీ ఆఫ్ లైఫ్ ప్రార్థనా మందిరంలోకి ఒకడు తుపాకీతో దూరి పదకొండు మందిని చంపాడు. మూడు సంఘాలవాళ్లు ఆ ఒక్క కట్టడంలోనే ప్రార్థన చేసుకుంటున్నారు. అందులో ఒక సంఘం, అంతకు వారం ముందు హయాస్ పిలుపు మీద శరణార్థుల కోసం ప్రార్థన పెట్టింది. వాడి కసి అదే. పరాయివాళ్లను తెస్తున్నారని.

ఆ సాయంత్రం ముర్రే, ఫోర్బ్స్ వీధులు కలిసేచోట జనం కొవ్వొత్తులతో నిండిపోయారు. నేనూ నిలబడ్డా. నా కళ్ల ముందు మాత్రం చీరాల ఉంది. మా అమ్మమ్మది చీరాల పక్క ఊరు. 1985 జులై 17న కారంచేడులో మాదిగోళ్లను తరిమి తరిమి నరికారు. ఆరుగురు పోయారు. మంచినీళ్ల చెరువు దగ్గర మురికి చెయ్యొద్దన్న పాపానికి. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మా అమ్మమ్మ గంపలో బియ్యం, ఎండుచేపలు పెట్టుకుని నడిచెళ్లిందంట. "మనకే లేదు గదే" అని తాత అంటే, "వాళ్లకు కత్తులు తగిలినై, మనకు తగల్లా" అందంట. ఆమెకు త్సెదాకా తెలీదు, మైమొనిడీస్ తెలీదు.

తర్వాతి వారాల్లో ఆ పేటలో నేను చూసింది రాస్తా. చచ్చిపోయినవాళ్లను ఎరిగినవాళ్లే వచ్చి పక్కవాళ్ల చేతులు పట్టుకుని కూర్చున్నారు. సంస్థలోని కౌన్సిలర్లు అడిగినవాళ్లందరితో మాట్లాడారు. ముస్లింలు చందాలెత్తి రెండు లక్షల డాలర్లకు పైగా బాధితులకిచ్చారు. శరణార్థుల పని ఆగలేదు. నేను పాంట్రీకి వెళ్తే ముసలామె కళ్లు వాచి ఉన్నయ్. "బియ్యం అయిపోయినై, వచ్చేవారం వస్తయ్" అంది. నేను ఏదో ఓదార్పు మాట చెబుదామని ఇంగ్లీషు వెతుక్కుంటుంటే, "బండి తీసుకో" అంది.

2019 వేసవికి చిన్న పని దొరికి, తీసుకోవటం మానేసి చెయ్యటం మొదలుపెట్టా. హిందీ వచ్చు కాబట్టి ఊరికి దక్షిణాన ఉండే భూటాన్ శరణార్థుల దగ్గరికెళ్లి వాళ్లకొచ్చిన ఉత్తరాలు చదివి చెప్పేవాణ్ణి. నేపాలీ మాట్లాడతారని 1990 ప్రాంతంలో భూటాన్ వెళ్లగొడితే నేపాల్ శిబిరాల్లో పదిహేను ఇరవయ్యేళ్లు మగ్గినవాళ్లు. ఒకింట్లో ఒక ముసలమ్మ. కరెంటు బిల్లు చదివి చెప్పా. టీ కాచింది. గ్లాసు చేతిలో పట్టుకుని ఇవ్వకుండా నిలబడింది. "బాబూ, మా చేతిది తాగుతావా?" అంది. ఆమె ఇంటిపేరు ఉత్తరం మీద అప్పటికే చదివా, చెప్పులు కుట్టే కులం. ఎదురింటివాళ్లు శిబిరంలోనూ పొరుగేనంట. అప్పుడూ నీళ్లు ముట్టనివ్వలేదంట, ఇప్పుడూ పిలవరంట. అమెరికా ఫారాల్లో కులం గడి లేదు. లేకపోవటం మంచిదేనని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఆ పొద్దు అనుమానం వచ్చింది. గడి లేకపోతే ఆమెను ఆ ఎదురింటి ముందు దింపుతున్నామని ఎవరికి తెలుస్తది?

"మేమూ తోలు పనోళ్లమే అమ్మా" అన్నా. ఆమె నమ్మలేదు. మా తాత లందలో తోళ్లు నానేసే తీరు చెప్పా, తంగేడు చెక్క సంగతి చెప్పా. అప్పుడు గ్లాసు నా చేతిలో పెట్టింది.

2025 జనవరిలో ప్రభుత్వం కొత్త శరణార్థుల రాక ఆపేసింది. వచ్చినవాళ్ల పనులు ఉంటూనే ఉన్నయ్.

మేం ఇక్కడ ఆరుగురం మాల, మాదిగ పిల్లలం కలిసి నెలకు తలా యాభై డాలర్లు వేస్తున్నాం. రూముల్లోంచి గెంటించుకున్నవాళ్లకు, ఫీజు ఆగిపోయినవాళ్లకు వడ్డీ లేని అప్పు. ఇప్పటికి తొమ్మిది మంది తీసుకున్నారు. ఒకతను ఏడాదయింది, తిరిగివ్వలేదు, ఫోనెత్తటంలా. అడగాలని ముగ్గురం, అడగొద్దని ముగ్గురం. పోయిన ఆదివారం కూడా దానిమీదే పోట్లాడుకున్నాం.