పాస్‌వర్డ్ మీది, అడ్రస్ అందరిది

కొత్త బ్యాచ్ చేరిన వారమంతా మా కంప్యూటర్ సెంటర్ ముందు లైనే. లాగిన్ కావాలంటే ఒక ఫారం మీద సంతకం చెయ్యాలి. ఫారం వెనక వాడకం నిబంధనలు, చిన్న అక్షరాల్లో రెండు పేజీలు. చదువుకోండమ్మా అంటే "సంతకం ఎక్కడ సార్?" అంటారు. వాళ్లని అని లాభం లేదు. ఆ కాగితం నిండా ‘చేయరాదు’ తప్ప, ఎందుకు చేయరాదో ఒక్క ముక్క ఉండదు. విశాఖలో ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. ఆ ‘ఎందుకు’ అన్నది ఫిర్యాదు రూపంలో నా బల్ల మీదికొస్తుంటుంది.

హాస్టల్లో ఫోను, ల్యాబ్‌లో సిస్టమ్, ప్రిన్సిపాల్ గారి ల్యాప్‌టాప్, లోపల దేని ఐపీ అడ్రస్ దానిదే. గేటు దాటాక మాత్రం వేలమందిమీ కలిసి గుప్పెడు అడ్రస్‌లమే. రీసెర్చ్ జర్నల్స్ వాళ్లు ఆ అడ్రస్ చూసే మమ్మల్ని లోపలికి రానిస్తారు. ప్రభుత్వ విద్యాసంస్థలకైతే 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద దాదాపు 13,000 జర్నల్స్ కేంద్రమే ఇప్పిస్తోంది. మాలాంటివాళ్లం సొంత డబ్బు పోసి కొనుక్కోవాలి. అలా కొన్న జర్నల్ ఒకదాన్ని మా ఎంటెక్ కుర్రాడు చిన్న ప్రోగ్రాం రాసి, పాత సంచికలతో సహా రాత్రికి రాత్రే దించెయ్యబోయాడు. అవతలివాళ్ల కంప్యూటర్‌కి కుర్రాడెవరో తెలీదు కదా, కాలేజీ అడ్రస్‌నే మూసేసింది. పొద్దున్నే థీసిస్ చివరి అధ్యాయంలో ఉన్న ఓ మేడమ్ నుంచి ఫోన్: "ఏమండీ, ఏ పేపరూ తెరుచుకోవట్లేదు!"

ఇది మా ఒక్కరికే వచ్చిన తంటా కాదు. 2010లో అమెరికాలో ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు ఎంఐటీ నెట్‌వర్క్‌లోంచి జేస్టోర్ అనే ఆన్‌లైన్ జర్నల్ భాండాగారం వ్యాసాలు లక్షల్లో దించుకుంటే, జేస్టోర్ కొన్నాళ్లు ఎంఐటీ మొత్తానికీ తలుపులేసింది. తర్వాత అతని మీద పెట్టిన క్రిమినల్ కేసు, నన్నడిగితే, తప్పుకి తగినది కాదు. 2013 జనవరిలో, ఇరవయ్యారేళ్లకే ప్రాణం తీసుకున్నాడు. మా కుర్రాణ్ణి పోలీసుల దాకా పోనివ్వకుండా, జర్నల్ వాళ్లకి సంజాయిషీ ఉత్తరం అతని చేతే రాయించి సరిపెట్టాం.

ఇక పాస్‌వర్డ్. "ఫ్రెండే కదా సార్, ఇచ్చాను" అనే మాట వినని సెమిస్టర్ లేదు. బయట నుంచి ఫిర్యాదు వస్తే అందులో మనిషి పేరుండదు. ఒక అడ్రస్, ఒక టైము, అంతే. ఆ టైముకి ఆ అడ్రస్ వెనక ఎవరి లాగిన్ నడుస్తోందో లాగ్‌లో వెతకాలి. విదేశాల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో టైము తరచు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలపాలి. రాత్రి 8:40 అని రాసుంటే మన దగ్గర తెల్లవారుజామున 2:10, తేదీ కూడా మారిపోతుంది. కలపడం మర్చిపోతే ఏ పాపం తెలియనివాడి పేరు బయటికొస్తుంది. సర్వర్ గడియారం తప్పు నడిచినా అంతే సంగతి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దాచమనడంతో పాటు గడియారాలు సరిచూసుకోమన్నది ఇందుకే. ఇంకొకరి పాస్‌వర్డ్ మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల దాకా జైలు. కానీ మొదట పిలుపు వచ్చేది పాస్‌వర్డ్ ఇచ్చినవాడికి.

"మా చాటింగులు చదువుతారా సార్?" అని ఆడపిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఏ సైటుకి ఎప్పుడు వెళ్లారో లాగ్ చెబుతుంది. అక్కడేం రాశారో, ఎన్‌క్రిప్షన్ ఉన్న సైట్లలో, దానికి తెలీదు. ఆ మాత్రం సమాచారమైనా ఎవరు, ఎప్పుడు, ఎవరి అనుమతితో తెరవచ్చో నిబంధనల్లో రాసుండాలి. మా ఫారంలో ఆ వాక్యం లేదు. అడ్మిన్ చేతులు కట్టెయ్యని నిబంధనలు సగం నిబంధనలే.

నిజానికి నిబంధనలు ఎక్కువ మీరేది పిల్లలు కాదు. మార్కులు ఎక్కించే లాగిన్ చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించిన పెద్దమనుషుల్ని చూశాను. ఏమన్నా అంటే "నువ్వు నాకు చెప్తావా?" అంటారు.

ఈ ఊరికి తగ్గ నిబంధన ఒకటుంది: ల్యాబ్ కిటికీలు తెరవొద్దు. మాకు పోర్టు వైపు కిటికీలు. బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి వచ్చి సీపీయూ ఫ్యాన్ రెక్కలకి కాటుక పెట్టినట్టు అంటుకుంటుంది. దానికి తోడు సముద్రపు ఉప్పు గాలి. సిస్టమ్ బీప్ బీప్‌మంటూ ఆన్ కాకపోతే ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెడతాం. చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరంతా చీకటి. జనరేటర్ వేసిన కాసేపూ ల్యాబ్ ప్లగ్గులన్నిటికీ ఫోన్లే: పిల్లలవి, వాచ్‌మన్లవి, పక్క వీధి వాళ్లవి. ‘సొంత పనులకు వాడరాదు’ అని ఎవరన్నా అని ఉంటే నేనే తగువు పెట్టుకునేవాణ్ణి.

కొత్తగా చేరే పిల్లలకీ, వాళ్ల మాస్టార్లకీ ఒకే మనవి. కంప్యూటర్ సెంటర్ నుంచి అని ఫోన్ చేసి ఎవరైనా పాస్‌వర్డ్ అడిగితే చెప్పకండి. ఆ అడిగింది నేనే అయినా సరే. మీ అకౌంట్‌తో పనుంటే రీసెట్ చేసే అధికారం నాకుంది, పాస్‌వర్డ్‌తో నాకు పనిలేదు.