మాయింటి రికార్డులు

బెజవాడలోని మాయింటి నడవయందు ఒక కొయ్యబీరువా కలదు. అందు ఇంచుమించు నూరు లాంగుప్లే రికార్డులున్నవి. అవి త్యాగరాజ కీర్తనలు గావు, నాటక పద్యములును గావు. ఇంగ్లండు, అమెరికా దేశముల యువకులు 1960, 1970 దశకములలో పాడిన రాక్ సంగీతము. మావారు కళాశాలలో చదువుకొనునాటినుండి భోజనపు ఖర్చు తగ్గించుకొని కూడబెట్టినవి.

మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఆ పాటలు మా చెవులకు వడ్లు దంచు చప్పుడువలె నుండెను. అయినను వానిని కనిపెట్టియుండు పని మాకే సంక్రమించినది. ఒకదానిపై నొకటి పేర్చినచో బరువునకు వంగునని నిలువుగా నిలుపుట, వేసవియెండ సోకనీయకుండుట, వానకాలమున అట్టలకు బూజు పట్టకుండ చూచుట, అంచులు మాత్రమే పట్టుకొని మెత్తని గుడ్డతో గాడులవెంబడి గుండ్రముగా దుమ్ము తుడుచుట, ఇవన్నియు మేమే నేర్చుకొంటిమి.

తుడుచుచు తుడుచుచు వినసాగితిమి. 1965లో బీటిల్సు బృందమువారు వెలువరించిన 'రబ్బర్ సోల్' అను రికార్డులో మన సితారు వినబడగనే ఆశ్చర్యపడితిమి. దానిని వాయించిన జార్జి హారిసన్ పిమ్మట పండిత రవిశంకరుగారికి శిష్యుడయ్యెనని మావారు చెప్పిరి. నాటినుండి ఆ సంగీతము మాకు పరాయిదిగా తోచలేదు.

మాకు మిక్కిలి ప్రియమైనది పింక్‌ఫ్లాయిడ్ బృందమువారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' అను 1973 నాటి రికార్డు. దాని మొదటి ప్రక్క చివరి పాటలో పియానో సాగుచుండగా ఒక స్త్రీకంఠము సాహిత్యమేమియు లేకయే ఒకపరి విలపించినట్లు, ఒకపరి వేడుకొన్నట్లు, తుదకు శాంతించినట్లు ఆలపించును. మా తల్లిగారు పోయిన దినములలో ఆ పాటయే మమ్ము ఓదార్చినది.

ఆ గాయని పేరు క్లేర్ టారీ. ఒకనాటి పనికై పిలువగా వచ్చి, ముందుగా కూర్చిన స్వరము లేకయే తానే కల్పించుకొని పాడినది. ఆనాటి ప్రతిఫలము 30 పౌనులు. గాయనిగా ఆమె పేరు అట్టమీద వేసిరి. కాని పాట కట్టినవానిగా పియానో వాయించిన రిచర్డ్ రైట్ పేరొక్కటియే వేసిరి. 2004లో ఆమె న్యాయస్థానము నాశ్రయించినది. 2005లో రాజీ కుదిరి, కర్తలలో ఆమె పేరును చేరినది.

గడచిన సంవత్సరము పాత రికార్డులు కొను వర్తకుడొకడు మాయింటికి వచ్చి, "ఒక్క గీతయైన లేదు! ఎంత జాగ్రత్తగా నుంచితిరండీ!" యని మావారిని కొనియాడెను. మావారు చిరునవ్వుతో ఆ మెప్పును స్వీకరించిరి. మేము కాఫీపళ్లెముతో గుమ్మమున నిలిచియుంటిమి.

ఆ రాత్రి మేము మావారికి టారీ కథ చెప్పి, "మా పే రెచ్చట?" నని యడిగితిమి. "ఇంటిపనికి పేరేమి?" యని వారు మొదట నవ్విరి. మేము నవ్వలేదు. వారును నవ్వు మానిరి. పిమ్మట వర్తకుడు మరల వచ్చినపుడు, "ఇవి మాయిద్దరివి. ఆమె యిష్టపడక యమ్ముటలే" దని చెప్పి పంపివేసిరి.

ఆమె అడుగుటకు 31 సంవత్సరములు పట్టినది. మాకు 40 పట్టినది. సోదరీమణులారా, మీకంత కాలము పట్టనీయకుడు.