కట్టమీది గంట

మా సిద్దిపేట కోమటిచెరువు కట్టపై వేకువనే జనసందడి మొదలగును. మిషన్ కాకతీయ కాలమున చెరువును బాగుచేసినపిమ్మట నడచువారును, సైకిళ్లవారును అక్కడికే చేరుదురు. డెబ్బదియేండ్ల మా అత్తగారును నిత్యము వచ్చెడివారు.

ఒకనాడు వెనుకనుండి సైకిలుగంట చెవిదగ్గరనే మ్రోగినది. ఆమె ఉలికిపడి, ధ్వని వచ్చినప్రక్కకే తిరిగి పడిపోయిరి. మోచేయి చెక్కుకొనిపోయినది. గాయము వారమునకు మానినది, భయము మానలేదు. నెలదినములు గడప దాటలేదు. ఆ కుర్రవానిని నేను తిట్టుకొనని దినము లేదు.

ఆ వేసవిలోనే మా అమ్మాయి నాకు సైకిలు నేర్పినది. (నలుబదియైదవ యేట! నవ్వకుడు.) కట్టపై తొక్కినపుడు గదా తెలిసినది: నలుగురు స్త్రీలు ముచ్చటలాడుచు బారుగా నడచుచున్నచో సందేది? నేనును నిన్నటివరకు అట్లే నడచితిని. గంట కొట్టిన కోపము, కొట్టకున్న ప్రమాదము. నడచువారు గంటకు 5, సైకిలు 15 కిలోమీటర్లు పోవుననుకొన్నచో, సెకనుకు సుమారు 3 మీటర్ల చొప్పున మీదికి వచ్చుచున్నట్లే. 15 మీటర్ల దూరముననే కొట్టినచో ముసలివారికి తొలగుటకు 5 సెకన్లు చిక్కును. గుంపున్నచోట నేను దిగి నడిపించుకొనియే పోవుచున్నాను.

హైదరాబాదులో బాహ్యవలయ రహదారివెంట 23 కిలోమీటర్ల సైకిలుత్రోవ, సౌరఫలకముల పైకప్పుతో, 2023 అక్టోబరు 1న తెరవబడినది. అది సైకిళ్లకే. అందు మా అత్తగారికి పనిలేదు.

నిన్న ఆమెను బతిమాలి తీసికొనిపోయితిని. దూరమున గంట వినబడినది. నా చేయి గట్టిగా పట్టుకొని, ఎడమకు ఒదిగి నిలిచిరి. సైకిలు దాటిపోయినది.

"ఇంటికి పోదమా, అత్తమ్మా?" అంటిని.

"ఇంకింత దూరం పోదాం, బిడ్డా" అనిరి.