సేవ్‌ఫిగ్ ఎవరో తెలియదంటోంది!

జూపిటర్ నోట్‌బుక్‌తో కుస్తీ పట్టిన ప్రతివాళ్ళూ ఏదో ఒక రోజు చూసే ఎర్ర అక్షరాలు: "నేమ్ సేవ్‌ఫిగ్ ఈజ్ నాట్ డిఫైన్డ్". గ్రాఫ్ తెరమీద నిక్షేపంలా కనిపిస్తూనే ఉంటుంది. దాన్నొక బొమ్మగా ఫైల్లోకి దించుకుందామనేసరికి పైథాన్ "ఆ పేరుగల వాళ్ళిక్కడ ఎవరూ లేరండీ" అని తలుపేసేస్తుంది. వెంటనే మనవాళ్ళు చేసే మొదటి పని మాట్‌ప్లాట్‌లిబ్‌ని పీకేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యడం. జ్వరమొచ్చిందని ఇల్లు మారినట్టు!

లైబ్రరీ లేకపోతే వచ్చే ఎర్రర్ వేరండీ, అందులో మాడ్యూల్ దొరకలేదని స్పష్టంగా ఉంటుంది. నేమ్‌ఎర్రర్ చెప్పేది ఒక్కటే: ఈ క్షణాన కెర్నల్ మెమరీలో ఆ పేరు లేదు. అంతకుమించి ఏమీ చెప్పదు. కాబట్టి ఆ పేరు ఎక్కణ్ణుంచి రావాలో వెతుక్కోవాలి.

సేవ్‌ఫిగ్ అని కలిపి రాసి ఉంటే అది పాతకాలపు అలవాటు. జాన్ హంటర్ 2003లో మాట్‌ప్లాట్‌లిబ్ విడుదల చేసినప్పుడు మ్యాట్‌ల్యాబ్‌కి అలవాటు పడ్డవాళ్ళకి సుఖంగా ఉండాలని చూశాడు. ఐపైథాన్‌ని పైల్యాబ్ ఆప్షన్‌తో మొదలుపెడితే ప్లాట్, ఫిగర్, సేవ్‌ఫిగ్ అన్నీ ముందూ వెనకా ఏమీ తగిలించకుండానే పలికేవి. బానే ఉంది కానీ, వాటితోపాటు నంపై సరుకంతా కూడా వచ్చిపడి పైథాన్ సొంత సమ్‌ని నంపై సమ్ మింగేసేది. అందుకే తర్వాత ఆ పద్ధతి వద్దన్నారు. పాత పాఠాల్లోని కోడ్ మాత్రం అలాగే మిగిలిపోయింది. మందు చిన్నదే. పైప్లాట్‌ని పీఎల్‌టీ అనే పేరుతో ఇంపోర్ట్ చేసుకుని, పీఎల్‌టీ డాట్ సేవ్‌ఫిగ్ అని పిలవడమే.

మధ్యలో అండర్‌స్కోర్ పెట్టి సేవ్_ఫిగ్ అని ఉంటే కథ వేరు. ఆ పేరుతో మాట్‌ప్లాట్‌లిబ్‌లో ఏ ఫంక్షనూ లేదు, ఎవరో సొంతంగా రాసుకున్నది. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్ళలో చాలామంది చదివే ఒరేలియన్ జెరాన్ పుస్తకం (మొదటి ముద్రణ 2017) నోట్‌బుక్కుల్లో ఇది పైన సెటప్ సెల్‌లో ఉంటుంది. ఫోల్డర్ పేరూ ఫైల్ పేరూ కలిపి చివరికి పీఎల్‌టీ డాట్ సేవ్‌ఫిగ్‌నే పిలుస్తుంది. ఆ సెల్ నడపకుండా కింద నచ్చిన ముక్క కాపీ కొట్టుకుంటే ఇంతే సంగతులు.

ఎర్రర్ పోయాక ఇంకో వింత. ఫైల్ వస్తుంది, తెరిచి చూస్తే తెల్ల కాగితం! ఇన్‌లైన్ పద్ధతిలో సెల్ నడవడం అయిపోగానే ఆ ఫిగర్‌ని మూసేస్తారు. తర్వాతి సెల్‌లో సేవ్ చెయ్యమంటే పాపం అది కొత్త ఖాళీ ఫిగర్ తెచ్చి సేవ్ చేస్తుంది. గీసిన సెల్‌లోనే సేవ్ చెయ్యండి. లేదా సబ్‌ప్లాట్స్ ఇచ్చే ఫిగర్‌ని ఒక పేరుతో దాచుకుని దాని మీదే సేవ్‌ఫిగ్ పిలవండి. నా మట్టుకు నాకు రెండోదే ఇష్టం.

ఇంతవరకూ ఐదు నిమిషాల పని. కానీ నేను దీన్ని తేలిగ్గా తీసుకోకపోవడానికి ఓ కారణముంది. మొన్నామధ్య మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయికి, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన ఒకాయన నోట్‌బుక్ అప్పజెప్పారు. నెలనెలా క్లయింటుకి వెళ్ళే గ్రాఫు అందులోంచే వస్తుంది. ఆ అమ్మాయి దగ్గర సేవ్_ఫిగ్ దగ్గర ఆగిపోయింది. పొద్దున్న మీటింగులో అందరి ముందూ లీడ్ "ఆయన దగ్గర ఇన్నాళ్ళు నడిచింది కదమ్మా, నీ దగ్గరే ఎందుకు నడవదు? బేసిక్స్ చూసుకో" అనేశాడు. ఆ పిల్ల మొహం చూడలేకపోయాం.

మధ్యాహ్నం "అన్నా, ఒక్కసారి చూస్తారా" అని లాప్‌టాప్ పట్టుకొచ్చింది. నేను కోడ్ కంటే ముందు సెల్స్ పక్కన బ్రాకెట్లలో ఉండే నంబర్లు చూశాను. 47, తర్వాత 12, తర్వాత 51. అంటే ఆయన ఒక వరసలో నడపలేదు, మధ్యలో సెల్స్ తీసేశాడు కూడా. సెల్ తీసేసినా అందులోని ఫంక్షన్ కెర్నల్ ఆపేదాకా మెమరీలో బతికే ఉంటుంది. అందుకే ఆయన దగ్గర నడిచింది.

సేవ్_ఫిగ్ మళ్ళీ రాయడం ఆరు లైన్లు. ఆ అమ్మాయే రాసేసింది. "అయిపోయిందన్నా" అంది. "ఉండమ్మా, ఇది పోయిందంటే ఇంకేం పోయాయో చూద్దాం" అని కెర్నల్ రీస్టార్ట్ చేసి మొదటి నుంచీ అన్నీ నడిపించాను. ఈసారి ఇంకో నేమ్‌ఎర్రర్... డేటాలోంచి పనికిరాని వరసలు తీసేసే ఫంక్షన్! బొమ్మ సేవ్ చేసే ఫంక్షన్ పోతే ఎవరైనా రాస్తారు. ఏ వరసలు పనికిరానివో నిర్ణయించేది పోతే? అది లేకుండా గీస్తే గీత ఇంకోలా ఉంది. క్లయింటు ఇన్ని నెలలుగా చూస్తున్న అంకెలకి ఆధారం ఎక్కడో ఒక చెరిపేసిన సెల్‌లో ఉందన్నమాట.

ఇదేమీ మా ఆఫీసు ప్రత్యేకత కాదు లెండి. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో గిట్‌హబ్ నుంచి తీసుకున్న నోట్‌బుక్కుల్ని లక్షల సంఖ్యలో తిరిగి నడిపి చూశారు. ఎర్రర్ లేకుండా చివరిదాకా నడిచినవి 24 శాతం. మునుపటి ఫలితాలే మళ్ళీ ఇచ్చినవి 4 శాతం. ఆగిపోయిన వాటిలో తరచూ కనబడిన కారణాల్లో మన నేమ్‌ఎర్రర్ కూడా ఒకటి.

సాయంత్రం లీడ్‌కి ఆ అమ్మాయే రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. రిపోర్టు రెండ్రోజులు ఆగింది. వెళ్ళిపోయినాయనకి మెయిల్ పెడితే "సరిగ్గా గుర్తులేదండీ, ఏదో సెల్‌లో ఉండాలే" అని జవాబొచ్చింది. చివరికి కొత్త హద్దులు క్లయింటునే అడిగి రాయించుకున్నాం. ఇప్పుడవి నోట్‌బుక్‌లో మొదటి సెల్‌లో ఉన్నాయి.