వెనకాల ఏముందో చూసి

మా ఇంటి వెనక చింతచెట్టు కింద ఒక పాత పెట్రోలు జీపు ఉంది. పైన రేకు లేదు, కాన్వాసు టాపు. ఎండాకాలం అది విప్పేస్తే ఆకాశమే పైకప్పు. మహీంద్రా వాళ్ళు అమెరికా విల్లీస్ జీపుల్ని ఒకప్పుడు మన దేశంలో బిగించేవాళ్ళు. ఆ వంశంలో ఏదో ఒక తరానిది మాది. మా నాన్న పాతదే కొన్నాడు. పాడేరు ఘాట్ రోడ్డు మీద సంత రోజుల్లో పసుపు బస్తాలనీ, అడ్డాకుల కట్టలనీ, మనుషులనీ మోసింది.

మేం ముగ్గురం అన్నదమ్ములం ఆ జీపు సంపాదనతోనే పెరిగాం. పెద్దన్నయ్య ఐదో తరగతిలో బడి మానేశాడు, ఈడొచ్చాక స్టీరింగు పట్టుకున్నాడు. మాలో ఒకరు ట్రైనింగు చేసి పంతులు అయ్యారంటే, ఆ ఫీజు సంతకి వెళ్ళేవాళ్ళు ఇచ్చిన చిల్లరే.

ఇప్పుడు ఆటోలు వచ్చాక జీపు రోజూ కదలదు. పెళ్ళిళ్ళకీ, పండగలకీ తీస్తాం. పోయిన పండక్కి ఒక పాప ఎక్కుతుంటే పిక్క కోసుకుంది. ఎక్కే చోటు కింద, ముందు నుంచి వెనక దాకా ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. అందం కోసం నాన్న వేయించినది. దాని అంచు ఊడి కత్తిలా లేచింది. పాపకి కుట్లు పడ్డాయి. మాకు మూడు రోజులు అన్నం సయించలేదు. పట్టీ పీకి పారేద్దామని ఒకరు, నాన్న గుర్తు కదా అని ఒకరు. చివరికి, పెడితే సరిగ్గా పెడదాం, లేకపోతే వద్దు అనుకున్నాం.

ముందు పట్టీ విప్పాం. ఎప్పుడో ఊడితే ఇనుప స్క్రూలు బిగించినట్టున్నారు. ప్రతి స్క్రూ చుట్టూ తెల్లటి పొడి. ఇనుమూ అల్యూమినియమూ తగులుతూ వాన నీళ్ళలో తడిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ పొడి అదే. బాడీ రేకు తుప్పుని ఎమరీ కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేసి ఒక రోజు ఆరనిచ్చాం. వంగిన పట్టీని చెక్క పలక మీద పెట్టి చెక్క సుత్తితోనే సాపు చేశాం. ఇనుప సుత్తి అయితే సొట్టలు పడతాయి.

పాత చిల్లులు వదులైపోయాయి. అందుకని పక్కన కొత్తవి పెట్టి, అల్యూమినియం రివెట్లు కొట్టాలి. 3.2 మిల్లీమీటర్ల రివెట్టుకి 3.3 బిట్టు. అంకెలు చదివి బిట్టు ఎంచినవాళ్ళం మేం తమ్ముళ్ళిద్దరం. పెద్దన్నయ్య నీళ్ళు తాగి వచ్చేలోపు, మాలో డిప్లొమా ఉన్న చెయ్యే డ్రిల్లు పట్టుకుని డ్రైవరు సీటు దగ్గర ఆనించింది.

"ఆగండ్రా! ఎనక ఏటుందో సూడకుండా సిల్లు ఎట్టేస్తారేటి?" అని పెద్దన్నయ్య పరుగున వచ్చాడు.

మా జీపుకి పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే. మేం బిట్టు పెట్టిన రేకుకి అవతల అదే. ట్యాంకు ఖాళీయే కదా అన్నాం. ఖాళీ ట్యాంకులోనే ఆవిరి నిండి ఉంటుందనీ, ఒక్క నిప్పురవ్వ చాలనీ చెప్పాడు. మా చేతులు చల్లబడిపోయాయి.

బ్యాటరీ తీగ విప్పాం. సీటెత్తి, ట్యాంకు ఊడదీసి, దూరంగా వేపచెట్టు కింద పెట్టాం. బిట్టు ఎక్కువ లోపలికి పోకుండా దానికి టేపు చుట్టాం. మొదటి రివెట్టు పట్టీ మధ్యలో, తర్వాత అటొకటి ఇటొకటి. ఒక చివర నుంచి కొట్టుకుంటూ పోతే పట్టీ మధ్యలో ఉబ్బుతుంది. చిల్లుల అంచులకీ పాత చిల్లులకీ ప్రైమరు పూశాం.

సాయంత్రం టీ తాగుతూ పెద్దన్నయ్య ఒక మాట చెప్పాడు. అన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. బడిలో పంతులు నీళ్ళ బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే, ఇంట్లో అన్నట్టే "పాణి" అన్నాడట. బెత్తం దెబ్బ పడింది. మళ్ళీ అడిగినా అదే వచ్చింది నోటికి. మళ్ళీ దెబ్బ. అప్పట్నుంచి బడిలో నోరు విప్పలేదు. "తెలీక కాదురా, తెలిసిందే సెప్పాను" అన్నాడు.

మేం ఏమీ మాట్లాడలేకపోయాం. మా రెండో తరగతిలో ఒక పిల్లాడు మూడు నెలలుగా నోరు విప్పడం లేదు. హాజరు పట్టీ పక్కన మేమే "మందం" అని రాసుకున్నాం. ఇంట్లో వాడు ఏ భాష మాట్లాడతాడో ఒక్కసారైనా అడగలేదు. మర్నాడు ఆ మాట కొట్టేసి, వాళ్ళ ఇంటికి వెళ్ళాం. గుమ్మంలో మేకపిల్లతో కువిలో వాడు గలగలా మాట్లాడేస్తున్నాడు.

బడిలో మన పిల్లలకి చదువు చెప్పే తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ మేం చెప్పేది ఇదే. చెయ్యి వేసే ముందు వెనకాల ఏముందో చూడండి. తెలిసినవాళ్ళని అడగండి, వాళ్ళకి అంకెలు చదవడం రాకపోయినా సరే.

జీపు పట్టీ ఇప్పుడు గట్టిగా ఉంది. పెద్దన్నయ్య ముందు నుంచి వెనక దాకా అరచేత్తో నిమిరి చూశాడు. ఎక్కడా గుచ్చుకోలేదు. ఆ తర్వాతే పాపని పిలిచి ఎక్కించాడు.