లాక్ తీసిన ఫొటో

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆదివారం వస్తే చాలు, ప్రీ వెడ్డింగ్ షూట్లే. మా ఇద్దరి ఫొటోలు మాత్రం నా ఫోన్లో లాక్ వేసిన ఫోల్డర్లో ఉంటాయి. ఉక్కునగరంలో ఉండే మా అమ్మకి తను నా రూమ్మేట్. అంతే.

జోన్ బైరెన్ అనే అమెరికన్‌దీ ఇలాంటి వెలితే. ఇద్దరమ్మాయిలు ముద్దు పెట్టుకునే ఫొటో ఆమె ఎక్కడా చూడలేదు. 1970లో కెమెరా అరువు తెచ్చి, చెయ్యి చాపి పట్టుకుని, ప్రియురాలితో అలాంటి ఫొటో తనే తీసుకుంది. సెల్ఫీ అన్నమాట! 1979లో లెస్బియన్ల ఫొటోలతో 'ఐ టు ఐ' అనే పుస్తకం సొంతంగా అచ్చేసింది. ఇంట్లో, పనిలో, పిల్లలతో మామూలుగా ఉన్న ఆడవాళ్లే అందులో.

మరి మనవైపు? నర్సీపట్నంలో తన పార్ట్‌నర్‌ని తండ్రి ఇంట్లో నిర్బంధించాడంటూ ఒకమ్మాయి ఏపీ హైకోర్టుకెళ్లింది. ఆమె మేజర్, నచ్చినవాళ్లతో ఉండొచ్చని 2024 డిసెంబరులో కోర్టు చెప్పింది. వార్తల్లో పేర్లు మార్చారు. మంచిదే, వాళ్ల భద్రత ముఖ్యం. కానీ మేం కనిపించేది కోర్టు వార్తల్లోనేనా?

అందుకే తనని ఫొటోలు తీస్తున్నాను. గాజువాకలో చేపలు బేరమాడుతూ, నైట్ షిఫ్ట్ అయ్యాక సోఫాలో నోరు తెరిచి నిద్రపోతూ (ఇది చూస్తే నన్ను చంపేస్తుంది). మొన్న ఇద్దరం కలిసి ఉన్నదొకటి ప్రింట్‌కి ఇచ్చాం.

"మీ చెల్లెలా మేడమ్?" అన్నాడు షాపులో కుర్రాడు.

నేనేదో చెప్పేలోపు తనే "కాదు" అంది.

అతను స్క్రీన్ మీంచి తలెత్తలేదు. "మ్యాటా, గ్లాసీయా?"